సంఘం ఆమెన్ అన్న సీటు

"కూరలో ఉప్పు లేదురా ప్రకాషూ!"

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఎలీసమ్మ అలాగే ఆగిపోయింది. ఆదివారం కోడికూర. గుడి నుంచి వచ్చాక ఆ ఇంట్లో వారానికొకసారి జరిగే పండగ అది. అల్లం ఉంది, మసాలా ఉంది, గసగసాలు కూడా నూరి వేసింది కోడలు. ఉప్పు మాత్రం రవ్వంత లేదు.

ప్రకాష్ తన కంచంలోది రుచి చూశాడు. నిజమే.

"బాగానే ఉన్నాదమ్మా," అన్నాడు, వంటింటి వైపు ఒక కన్ను వేసి.

"ఏటి బాగుంది? మిలట్రీవోళ్ళు నీ నాలిక ఉంచీసుకుని మనిషిని పంపీసినారేటి?"

వంటింట్లోంచి మెర్సీ వచ్చింది. చేతిలో ఉప్పు డబ్బా. అత్తగారి కంచం పక్కన చతికిలబడి, చిటికెడు ఉప్పు కూర మీద చల్లి, స్వయంగా కలిపిపెట్టింది. మొగుడి కంచం వైపు చూడనైనా చూడలేదు. మూత పెట్టి, డబ్బాతో సహా లోపలికి వెళ్ళిపోయింది.

"ఆడి మీద కోపమైతే ఆడి ముక్కలు ఏరుగా తీసి వండాల గానీ, మొత్తం సట్టెడూ ఇలగ సేస్తారేటే?" అని కేకేసింది ఎలీసమ్మ.

"నీకు వేసాను గదా అత్త!"

లోపలి నుంచి వచ్చిన మాట అది. గుడి నుంచి వచ్చాక మెర్సీ నోటి వెంట వచ్చిన మొదటి మాట. అదీ అత్తతోనే.

ప్రకాష్ చప్పటి కూరతోనే అన్నం మొత్తం తిన్నాడు. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో ఉన్నవాడు, మంచుకొండల మీద డబ్బాల్లో వచ్చే కూరలు తిన్నవాడు. అయినా ఇంత చప్పటి తిండి అతనికి ఎక్కడా తగల్లేదు.

తప్పు అతనిదే. ఆ సంగతి అతనికీ తెలుసు. పొద్దున్న గుడిలో, సాక్ష్యాల వేళలో, ఇలా జరుగుతుందని మాత్రం తెలీదు.

ఆ సంఘంలో ఆదివారం పాటలకీ ప్రసంగానికీ మధ్య సాక్ష్యాలు చెప్పుకుంటారు. జ్వరం తగ్గినవాళ్ళు, పిల్ల పరీక్ష పాసైనవాళ్ళు, ఎద్దు దొరికినవాళ్ళు లేచి నిలబడి దేవుడికి స్తోత్రం చెబుతారు. సంఘమంతా ఆమెన్ అంటుంది. ఒకసారి ఆమెన్ పడిందంటే ఇక ఆ మాట వెనక్కి తీసుకునేది లేదు. కిందటేడు ఒకాయన ఊపులో సారా మానేశానని సాక్ష్యం చెప్పేశాడు. అప్పటికి మానలేదు. ఆ ఆమెన్ దెబ్బకి నిజంగానే మానాల్సి వచ్చింది. ఇప్పటికీ పాపం సాయంత్రం పూట సోడా తాగుతూ గుడి వైపు కోపంగా చూస్తుంటాడు.

అందుకే అక్కడ పని పూర్తయ్యాకే లేస్తారు. పని కాకముందే లేచినవాడు ప్రకాష్ ఒక్కడే.

మిలట్రీలో అయితే పెరేడ్‌లో ఆర్డరు చదివేశారంటే ఆ పని అయిపోయినట్టే లెక్క. ఆ అలవాటుతోనే లేచాడు. అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"శ్రీకాకుళంలో కొత్తగా పెట్టిన కమ్యూనిటీ కాలేజీలో మాజీ సైనికులకి ఫీజు లేకుండా సదువు సెబుతన్నారు. ఇంటికి ఒక సీటు. సైనికుడు సదవకపోతే అతని భార్య సదవచ్చు. నా భార్య మెర్సీకి టైలరింగులో సీటు దొరికింది. అందునుబట్టి దేవుడికి స్తోత్రం!"

"ఆమెన్!" అంది సంఘం. గోడ మీది బల్లి కూడా కదిలింది.

మెర్సీ ఆ సమయానికి ఆడవాళ్ళ చాపల మీద కూర్చుని కీర్తనల పుస్తకంలో తర్వాతి పాట వెతుకుతోంది. ఆడవాళ్ళందరూ ఒక్కసారే తన వైపు తిరిగితే, చెంగు జారిందేమోనని సర్దుకుంది. తనకి సీటు వచ్చిన సంగతి ఆమెకి తెలిసింది ఆ విధంగా.

*

పెరట్లో గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగా వినిపిస్తోంది.

ప్రకాష్ వెళ్ళి, పక్కన పీట వేసుకుని, బోర్లించిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన గిన్నెలన్నీ సైజు ప్రకారం వరసగా పెట్టాడు. మెర్సీ ఆ వరసని ఒక్క చేత్తో కలిపేసి బుట్టలో పోసింది.

"మెర్సీ."

మెర్సీ ఇంకో గిన్నె అందుకుంది.

"మెర్సీ, ఒక్క మాట ఆడవే. తిట్టు, ఫర్వాలేదు."

మెర్సీ చేతిలోని కొబ్బరిపీచు కింద పెట్టింది.

"నాకు సీటు ఎప్పుడు వచ్చింది బావ? నేను ఏ కాలేజీకి వెళ్ళాను? ఎవర్ని అడిగాను?"

"నేను వెళ్ళి మాట్లాడాను గదా. రేపే ఆఖరు. నువ్వు వచ్చి సంతకం పెడితే, బస్, అయిపోతాది."

"అది నీ సీటు. నువ్వు పడిన కష్టానికి ఇచ్చిన సీటు. నువ్వు కూర్చో."

"నేనా? నలభై దాటాక నేనేటి సదువుతాను?"

"ఓహో! నేనేటి, పదహారేళ్ళ గుంటనా?"

ప్రకాష్ నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానేశాడు.

"నువ్వు ఎక్కడెక్కడో ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరున్నారు బావ? తుపానుకి రేకులు లేచిపోతే ఎవరు పట్టుకున్నారు? ప్రిస్కిల్లాకి డెంగ్యూ వస్తే ఎవరు మోసుకెళ్ళారు? వస్తావు, వస్తావు అని ఎదురు చూసాను. వచ్చావు. వచ్చి ఏడాది తిరగలేదు, నన్ను ఇంట్లోంచి పంపేస్తన్నావు."

"పంపడం కాదే..."

"మరేటి?"

అతని దగ్గర మాట ఉంది గానీ అది బయటికి రావడం లేదు. వైర్‌లెస్‌లో కొండ అవతలి మనిషికి కూడా వినపడేలా మాట్లాడినవాడు, రెండడుగుల దూరంలో ఉన్న పెళ్ళానికి చెప్పలేకపోతున్నాడు.

 చివరికి మెర్సీయే అంది.

"నేను చెప్పనా? నీకు భయం. ఆ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోడానికి భయం. ఆళ్ళు నవ్వుతారని భయం. సీటు వదులుకోడానికి మనసు రాలేదు, కూర్చోడానికి ధైర్యం రాలేదు. అందుకని నన్ను ముందుకి తోసేసావు."

 తుడిచిన గిన్నెనే ప్రకాష్ మళ్ళీ తుడుస్తూ ఉన్నాడు. ఆమె చెప్పినదాంట్లో సగం నిజం. ఆ సగమే కాదనడానికి నోరు లేవకుండా చేసింది.

అప్పుడే మెర్సీ ఫోన్ మోగింది. కూతురు ప్రిస్కిల్లా. విజయనగరంలో నర్సింగు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. మెర్సీ చేతులు తడిగా ఉన్నాయి. ప్రకాషే స్పీకరు నొక్కి పట్టుకున్నాడు.

"అమ్మా! సంఘం వాట్సాప్ గ్రూపులో చూసాను! నువ్వు కాలేజీలో చేరుతన్నావట!"

"ఎవరు చెప్పారే?"

"అందరూ! శుభాకాంక్షలు, పువ్వులు, చేతులు జోడించిన బొమ్మలు. ఎవరో నీ పాత ఫోటో కూడా పెట్టారు. నా రూమ్మేట్లందరికీ చూపించాను. అమ్మా, నువ్వు ఇక నాకు జూనియర్‌వి. ఇంటికి రాగానే ర్యాగింగ్ చేస్తాను. పేరు చెప్పమంటాను, పాట పాడమంటాను."

మెర్సీ పెదవులు బిగించింది. ఆపుకోలేక నవ్వు వచ్చేసింది. తడి చేత్తోనే నోరు మూసుకుంది.

ప్రకాష్ ఆ నవ్వు చూశాడు. ధైర్యం వచ్చింది. వచ్చిన ధైర్యాన్ని కాస్సేపు దాచుకుని ఉంటే బాగుండేది.

"సూసినావా, అమ్మకి కూడా ఇష్టమే!" అన్నాడు ఫోన్‌లోకి.

నవ్వు ఆగిపోయింది. మెర్సీ మళ్ళీ కొబ్బరిపీచు అందుకుంది.

"నాన్నా," అంది ప్రిస్కిల్లా అటునుంచి, గొంతు తగ్గించి, "నువ్వు కాస్సేపు మాట్లాడకు."

*

సాయంత్రం సంఘం పాస్టరు జ్ఞానానందం అయ్యగారు వచ్చారు. వెనకాల స్త్రీల సమాజం వాళ్ళు ఒక గుంపు. కొత్త చదువు మొదలుపెట్టే ఇంట్లో కూడిక పెట్టి ప్రార్థన చెయ్యకుండా ఎలా ఉంటారు? నీలం రంగు బ్యాగు ఒకటి కొనుక్కొచ్చారు. దాని మీద కుందేలు బొమ్మ ఉంది. పెద్దవాళ్ళ బ్యాగులు కొట్లో అయిపోయాయట.

ఎలీసమ్మ చాపలు పరిచింది. ఒక పాట పాడారు. అయ్యగారు వాక్యం చదివి, చిన్న ప్రార్థన చేసి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"మెర్సీ, రెండు మాటలు చెప్పమ్మా. నీ సంతోషం నీ నోటితోనే విందాం."

 కాదంటుందా? ఇంతమంది ముందు? అని ప్రకాష్ తల దించుకున్నాడు.

మెర్సీ లేచింది. చెంగు భుజం మీదుగా లాక్కుంది. గొంతు ఎంతో నెమ్మదిగా ఉంది.

"అయ్యగారూ, పొద్దున్న మా బావ ఒక మాట తప్పు చెప్పాడు. అది సరిచేస్తన్నాను. కాలేజీలో సీటు వచ్చింది నాకు కాదు, ఆయనకే. దేశానికి కాపలా కాసింది ఆయన. ఇన్నేళ్ళకి మా బావ కాలేజీలో కూర్చుని సదువుకోబోతున్నాడు. అందునుబట్టి దేవుడికి స్తోత్రం!"

"ఆమెన్!" అన్నారు అందరూ. అలవాటు కొద్దీ వచ్చేసింది. ఎలీసమ్మ కూడా అనేసింది. అయ్యగారు అందరికంటే గట్టిగా అని, ఆ తర్వాత నోరు తెరిచినట్టే ఉంచేశారు.

ప్రకాష్ తలెత్తి చూశాడు. మెర్సీ అప్పటికే కూర్చుని, కుందేలు బ్యాగు తీసి అతని ఒళ్ళో పెట్టేసింది.

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. అయ్యగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఒక్క ఎలీసమ్మకి మాత్రం కంగారు పట్టుకుంది.

"నవ్వుతారేటండీ అయ్యగారూ? సీటు ఒక్కటే ఉన్నాది. ఆమెన్లు రెండు పడిపోనాయి. ఇప్పుడు ఏదో ఒకటి అబద్ధం అయిపోద్ది గదా! మా ఇంటికి ఏటి గతి?"

అయ్యగారు నవ్వు ఆపుకుని కాస్సేపు ఆలోచించారు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ సంఘం తగవులు తీరుస్తున్న మనిషి.

"ఎలీసమ్మా, భయపడకు. రేపు ఇద్దరూ కలిసి వెళ్ళనీ. ఎవరు కూర్చుంటే వాళ్ళ ఆమెన్ నిలుస్తుంది. మిగిలిన ఆమెన్ మాట దేవుడితో నేను మాట్లాడతాను. నా ఉద్యోగం అదే కదా!"

వెళ్ళేటప్పుడు ప్రకాష్‌ని వాకిట్లోకి పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు.

"ఒరే బాబూ, దేవుడికి చెప్పేముందు ఆ పిల్లకి ఒక మాట చెప్పి ఉంటే పోయేది కదరా?"

"మంచి పనే గదా అయ్యగారూ, ఎలాగ సేస్తే ఏటి అనుకున్నాను."

 అయ్యగారు అతని భుజం తట్టి, స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయారు.

*

సోమవారం పొద్దున్న ఇద్దరూ బండి మీద బయల్దేరారు. మామూలుగా అయితే మెర్సీ అతని భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చుంటుంది. ఈరోజు బండి వెనకున్న ఇనపకమ్మీ పట్టుకుంది. నాగావళి వంతెన మీద ఆటోలు అడ్డంగా ఆగిపోతే, ప్రకాష్ అద్దంలో ఆమె మొహం చూశాడు. ఆమె నది వైపు చూస్తోంది.

కాలేజీ కొత్తది. గోడలకి రంగు వాసన ఇంకా పోలేదు. గేటు పక్కన పెద్ద బోర్డు మీద కోర్సుల పేర్లు రాసి ఉన్నాయి. ప్రకాష్ బండి స్టాండు వేసి తాళం తీసేసరికి మెర్సీ ఆ బోర్డు ముందు నిలబడి ఉంది. అతను రాగానే చూపు తిప్పుకుంది.

ఆఫీసులో దుర్గాభవాని అనే ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"మాజీ సైనికుల కోటానా? ఎవరండీ చేరేది?"

"ఈవిడే," అన్నాడు ప్రకాష్.

"ఈయనే," అంది మెర్సీ. రెండు మాటలూ కలిసిపోయాయి.

దుర్గాభవాని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంటికి ఒకరే అమ్మా. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇది మూసేస్తాం. ఆ తర్వాత నేను కావాలన్నా తెరుచుకోదు. బయట బెంచీ ఉంది. తేల్చుకుని రండి. దెబ్బలాడుకుంటే మాత్రం మెల్లగా, లోపల క్లాసు జరుగుతోంది."

బయట బెంచీ మీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత జాగా. వరండా చివర ఏదో గదిలోంచి పాఠం వినిపిస్తోంది. ఒకమ్మాయి దగ్గింది. ఎవరో బెంచీ జరిపారు.

 ఆఫీసులోంచి ఇంకో మాజీ సైనికుడు చేతిలో రసీదుతో హుషారుగా బయటికి వచ్చి, ప్రకాష్‌కి సెల్యూట్ కొట్టి వెళ్ళాడు. ప్రకాష్ చెయ్యెత్తాడు గానీ ఊపు లేదు.

"నువ్వు నిన్న చెప్పింది నిజమే," అన్నాడు చివరికి. "నాకు భయమే."

"తెలుసు."

"కానీ నీ పేరు చెప్పింది అందుకొక్కటే కాదు."

మెర్సీ అతని వైపు తిరగలేదు. వింటోందని మాత్రం తెలుస్తోంది.

"ఫోన్ దొరికినప్పుడల్లా ఏటి అడిగేవోణ్ణి నేను? అమ్మ ఎలాగుంది, పాప ఎలాగుంది, రేకులు కట్టించినావా, మోటారు బాగయిందా. అంతే గదా. నువ్వు ఎలాగున్నావు అని ఏనాడూ అడగలేదు. వెనకాల లైన్లో ఇంకా జనం ఉండేవోరు. ఇంటికొచ్చాక తీరిగ్గా అడుగుదాం అనుకునేవోణ్ణి. ఇంటికొచ్చాను. ఎలాగ అడగాలో తెలీలేదు. అందుకని ఏదో ఒకటి పట్టుకొచ్చి నీ సేతిలో పెట్టీదాం అనుకున్నాను."

 మోకాళ్ళ మీద చేతులు గట్టిగా ఆనించుకున్నాడు.

మెర్సీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం ఇంకా ఉంది. అయినా దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. ఈ మనిషి మీద తనకి ఇంత ఇష్టం ఉందని ఆమె ఈమధ్య మర్చిపోయింది.

"అడగాల్సింది పోయి ఇచ్చేసావు. నా కోపం అదే బావ."

"అయితే ఇప్పుడు అడుగుతాను." ప్రకాష్ బెంచీ మీద కొంచెం జరిగాడు. "మెర్సీ, నీకు సదువుకోవాలని ఉన్నాదా?"

 ఆమె చెంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఉన్నాది."

ఆ మాట అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంటర్ అయిన వేసవిలో పెళ్ళయింది. ఆ తర్వాత ఆ మాట తనలో తను కూడా అనుకోలేదు.

ప్రకాష్ చటుక్కున లేచాడు. "చలో అయితే! టైలరింగు—"

"కూర్చో బావ."

కూర్చున్నాడు.

"ఏటి సదవాలని ఉందో అడుగు."

"టైలరింగు కాదేటి? ఇంట్లో మిషను ఉన్నాది గదా. ఎప్పుడూ కుడతావు గదా."

"ఎప్పుడూ గిన్నెలు కూడా తోముతాను. గిన్నెలు తోమే కోర్సు ఉంటే అందులో చేర్చేవాడివా?"

ప్రకాష్ నోరు తెరిచాడు, మూశాడు. ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. మెర్సీ కూడా నవ్వింది. ఎదురు గదిలోంచి ఎవరో మాస్టారు తల బయటికి పెట్టి వేలు పెదవి మీద పెట్టుకుని చూపించారు. ఇద్దరూ పిల్లల్లా తలలు దించుకున్నారు.

"ఇంటర్‌లో మాకు మైక్రోస్కోపు ఉండేది," అంది మెర్సీ గొంతు తగ్గించి. "మొత్తం క్లాసుకి ఒక్కటే. మేడమ్ ఉల్లిపాయ పొర తీసి గాజు మీద పెట్టి చూపించేవారు. ఒక్కొక్కరికీ కొంచెంసేపే. నేను చూసాను. అన్నీ గదులు బావ, ఒకదాని పక్కన ఒకటి, ఇటికలు పేర్చినట్టు. ఉల్లిపాయలో అన్ని గదులు! నేను జరగడం లేదని వెనకాల పిల్లలు జడ లాగేవారు. ఈరోజుకీ ఉల్లిపాయ కోస్తుంటే ఆ గదులు కనపడతాయి నాకు. అత్త అనుకుంటుంది, ఉల్లిపాయ ఘాటుకి కళ్ళనీళ్ళు పెట్టుకుంటన్నానని."

ప్రకాష్ ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. పెళ్ళయ్యి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఈ మాట అతనెప్పుడూ వినలేదు.

"ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది," అంది మెర్సీ. "బోర్డు మీద కింద నుంచి రెండోది."

*

"ల్యాబ్ టెక్నీషియనా? ఉండండి చూస్తాను." దుర్గాభవాని కంప్యూటర్ మీదికి వంగింది. మెర్సీ బల్ల అంచు పట్టుకుంది.  "ఉంది. ఒక్కటి ఉంది. ఇంటర్ బైపీసీనేనా?"

"బైపీసీనే అండి. పాసయ్యాను."

"సంతకం పెట్టండి."

ప్రకాష్ జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. మెర్సీ సంతకం పెట్టింది. పెన్ను తిరిగివ్వబోతే దుర్గాభవాని వారించింది.

"పెన్ను ఉంచుకోండి. క్లాసు నడుస్తోంది, వెళ్ళండి. వరండా చివర గది."

"ఇప్పుడా? నేను రేపు వస్తానండి. పుస్తకం కూడా లేదు..."

"రేపటికి ఇంకో పాఠం అయిపోతుందమ్మా. ఇదిగో, ఈ కాగితాలు తీసుకోండి."

మెర్సీ కాగితాలు పట్టుకుని వరండాలో నడిచింది. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా. తలుపు దగ్గర ఆగింది. ప్రకాష్ నాలుగడుగుల వెనక నిలబడ్డాడు.

సెలవు అయిపోయిన ప్రతిసారీ అతను ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కేవాడు. కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. మెర్సీ ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయేది. రైలు కదిలాక ఆమెకి ఎలా ఉండేదో అతను ఎప్పుడూ అనుకోలేదు. సీటు దొరికిందా, సామాను పట్టిందా, అదే చూసుకునేవాడు. ఇప్పుడు గుమ్మం బయట నిలబడింది తను. 

"రండి రండి, కొత్త అడ్మిషనా?" అన్నారు లోపల మేడమ్.

ముందు వరసలో ఒకమ్మాయి జరిగి చోటిచ్చింది. "ఆంటీ, ఇక్కడ కూర్చోండి."

"ఆంటీ కాదమ్మా, మెర్సీ," అంది మెర్సీ. క్లాసు నవ్వింది. మెర్సీ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది.

బల్లల మీద వరసగా మైక్రోస్కోపులున్నాయి. ఇద్దరికి ఒకటి చొప్పున. మేడమ్ ఏదో చెప్పారు. మెర్సీ జడ వెనక్కి వేసుకుని, ఒక కన్ను మూసి, వంగింది. ప్రకాష్ కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు. ఆమె చూడలేదు. పక్కమ్మాయి భుజం తట్టి జరగమన్నా ఆమె జరగలేదు.

బెల్లు కొట్టేదాకా అతను ఊరికే ఉండలేకపోయాడు. వాళ్ళమ్మకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. "అయితే నీ ఆమెన్నే నిలబడిందన్నమాట," అంది ఎలీసమ్మ. "ఇంకో ఆమెన్ కోసం అయ్యగారికి ఇప్పుడే ఫోన్ సేస్తాను, ఆలీసం సేస్తే ప్రమాదం." బయటికి వెళ్ళి మంచినీళ్ళ సీసా, అరటిపళ్ళు కొన్నాడు. బెంచీ మీద కూర్చుని మొత్తం ప్లాను వేసేశాడు. పొద్దున్నే క్యారేజీ కట్టడం, బండి మీద దింపడం, మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉండడం, మళ్ళీ తీసుకెళ్ళడం. వాన వస్తే రెయిన్‌కోటు. పనంతా పక్కాగా ఉంది. చాలా రోజుల తర్వాత అతనికి హుషారుగా అనిపించింది.

మెర్సీ నలుగురు అమ్మాయిల మధ్య బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం ప్రకాష్‌కి కొత్త. సీసా తీసుకుని గటగటా తాగింది.

"రక్తం చుక్క చూపించారు బావ! గుండ్రంగా, ఎన్ని ఉన్నాయో! నా కన్ను దానికి అతుక్కుపోయింది."

"భేష్! రేపు ఎనిమిదింటికి బయల్దేరిపోదాం. క్యారేజీ నేను కడతాను. గేటు దగ్గర వేపచెట్టు నీడ ఉన్నాది, బండి అక్కడ పెట్టుకుని నేను—"

"బావ." మెర్సీ మెల్లగా అంది. "రేపటి నుంచి నువ్వు రావద్దు."

ప్రకాష్ ఆగిపోయాడు.

"ఈ పిల్లలు కళింగపట్నం బస్సుకి వస్తారట. మన ఊరి మీదుగానే. ఆళ్ళతో వచ్చేస్తాను. నువ్వు గేటు దగ్గర కూర్చుంటే నాకు లోపల మనసు నిలబడదు."

కోపం లేదు ఆ మాటలో. అందుకే అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. అరటిపళ్ళ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి నేనేటి సేయాలి?"

అనుకోకుండా వచ్చేసిన మాట అది. మీసం రాని రోజుల్లో ఇంట్లోంచి వెళ్ళినవాడు. ఎప్పుడు లేవాలో, ఎక్కడ నిలబడాలో, ఎటు వెళ్ళాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఇంటికి వచ్చాక ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. ఈ నాలుగు రోజులూ మెర్సీ చదువు పేరుతో అతను ఆ సంగతి తనకి తనే కనపడకుండా దాచుకున్నాడు.

మెర్సీకి అది అర్థమైంది. ఆమె ముందుకి వచ్చి, అతని చొక్కా కాలరు సర్దింది. నిన్న పొద్దున్న నుంచి అతన్ని ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

"అది నేను చెప్పను బావ. చెబితే నువ్వు చేసేస్తావు." అతని కళ్ళలోకి చూసింది. "నేను అడుగుతాను. నీకేటి చేయాలని ఉన్నాది?"

ప్రకాష్ నోరు తెరిచాడు.  రోడ్డు మీద కళింగపట్నం బస్సు హారన్ కొట్టింది. అమ్మాయిలు "మెర్సీ గారూ, వస్తారా?" అని గేటు దగ్గర నుంచి కేకేశారు.

"మీరు వెళ్ళండమ్మా," అంది మెర్సీ, అతని మీంచి చూపు తిప్పకుండా. "మా బావ జవాబు చెప్పేదాకా నేనిక్కడే ఉంటాను."